తులసిదళం చదివి మనం దేనికి భయపడినాము?

ఎప్పుడూ సుగటూరు పాళేగార్లు, తమ్మేగౌడ, కోటలు, చెరువులు అని రాస్తుంటాను. ఈసారి నవలల చరిత్ర రాస్తున్నాను. నవలలకేం చరిత్ర అనుకోవద్దండి. తమ్మేగౌడ ఎవరో తెలియని ఇల్లు మన సుగటూరులోనే ఉండవచ్చు. తులసిదళం పేరు వినని యాభై దాటిన తెలుగు మనిషి మాత్రం అరుదు.

నా చదువంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది వారపత్రికలే. రైల్వేలో పార్సిల్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో పత్రికల కట్టలు నా చేతి మీదుగానే పోయేవి. మంచి సీరియల్ నడుస్తుంటే కట్ట బండి దిగకముందే ఏజెంటు మనిషి వచ్చి నిలబడేవాడు. ఒక్క పత్రిక పది ఇళ్ళు తిరిగేది. చదువు రాని ఆడవాళ్ళకు పక్కింటి పిల్ల చదివి వినిపించేది.

మొదట మనవాళ్ళకు సస్పెన్స్ అంటే డిటెక్టివ్ కథలే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పేరు అందరికీ తెలుసు. ఎవరి బంగళాలోనో హత్య జరుగుతుంది. యుగంధర్ వస్తాడు, దొంగను పట్టిస్తాడు, పోతాడు. పుస్తకం మూసి హాయిగా నిద్రపోతాము. భయం మన గడప బయటే ఆగిపోయేది.

1960ల నుంచి రచయిత్రులు కథను ఇంట్లోకి తెచ్చినారు. కోడూరి కౌసల్యాదేవి గారి చక్రభ్రమణం చూడండి. అదే 1964లో డాక్టర్ చక్రవర్తి సినిమా అయింది. చనిపోయిన చెల్లెలిని ఇంకొకరి భార్యలో చూసుకునే డాక్టరు, దాన్ని అనుమానించే భర్త. అందులో హత్య లేదు, పోలీసు లేడు. అయినా ఏమవుతుందో అని గుండె కొట్టుకుంటుంది. ఎందుకంటే అనుమానం మన ఇంట్లోదే. దాన్ని తీర్చడానికి యుగంధర్ రాడు.

ఆ తరువాత 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం వచ్చింది. చాలా ఏళ్ళకు పుట్టిన ఒక పాప, ఆ పాప మీద కాష్మోరా ప్రయోగం. ఇటు డాక్టర్లు, అటు మంత్రగాళ్ళు. అది కన్నడంలోనూ 1985లో తులసీదళ అని సినిమాగా వచ్చింది. తీసినది వేమగల్ జగన్నాథరావు గారు. మన కోలారు తాలూకా ఊరి పేరు పోస్టరు మీద చూసి మనవాళ్ళకు భలే సంతోషం. మూఢనమ్మకాలు పెంచుతున్నారని హేతువాదులు విమర్శించినారు. నమ్మేవాళ్ళు నమ్మినారు, తిట్టేవాళ్ళు తిట్టినారు, ఇద్దరూ వారం వారం చదివినారు.

ఇక్కడే నా ప్రశ్న. ఆ కథలో పాపకు అసలు ఆపద ఎందుకు వచ్చింది? ఆ పాపకు రాబోయే డబ్బు మీద ఒకరి కన్ను పడింది కాబట్టి. మంత్రం పనిముట్టు మాత్రమే, మూలం ఆశ. కానీ ఇప్పుడు ఎవరినైనా అడిగి చూడండి. కాష్మోరా గుర్తుంటుంది, డబ్బు గుర్తుండదు. నిమ్మకాయను చూసి భయపడినాము, వీలునామాను చూసి భయపడలేదు.

మా వీధిలో జరిగింది చెబుతాను. ఒక ముసలామె, భర్త పోయిన మనిషి, ఒంటరిగా ఉండేది. ఆ సీరియల్ రోజుల్లోనే ఎదురింటి బిడ్డకు జ్వరం వచ్చి పది రోజులైనా దిగలేదు. నీళ్ళ కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు, బిడ్డ బాగుపడింది. కానీ ఆమె కొళాయికి రావడం మానేసింది. తరువాత బావగారి కొడుకులు వచ్చి, ఇక్కడ నిన్ను ఎవరూ ఉండనివ్వరు అని చెప్పి తీసుకుపోయినారు. ఆమె పేరున ఉన్న రెండంకణాల ఇల్లు ఆరు నెలల్లో వాళ్ళ పేరున మారింది. ఆ పుకారు మొదట ఎవరు పుట్టించినారని మా వీధిలో ఒక్కరూ అడగలేదు. అంత సస్పెన్స్ చదివిన వీధి అది.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. ఇంగ్లండులో విల్కీ కాలిన్స్ అనే ఆయన ద వుమన్ ఇన్ వైట్ అనే సీరియల్‌ను 1859, 60లలో రాసినాడు. అక్కడా జనం వారం వారం కాచుకొని చదివినారు. భార్య డబ్బు కోసం భర్త ఆమెను వేరే పేరుతో పిచ్చాసుపత్రిలో పెట్టించే కథ. అప్పుడు అక్కడ పెళ్ళయిన ఆడదాని సొత్తు చాలావరకు భర్త చేతిలోదే. 1870లో ఒకటి, 1882లో ఒకటి చట్టాలు వచ్చినాకనే అది మారింది. ఆ కథలో భయం దయ్యానిది కాదు, దస్తావేజుది.

మన దగ్గర? పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి భాగం ఆంధ్రలో 1985 నుంచి, తమిళనాడులో 1989లో, మన కర్ణాటకలో 1994లో వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అంటే తులసిదళం సీరియల్ వచ్చేనాటికి మనలో ఏ ఆడబిడ్డకూ ఆ హక్కు లేదు. ఇప్పుడుంది. ఉన్నాక ఇళ్ళలో కొత్త అనుమానాలు, కొత్త సంతకాలు మొదలైనాయి. దయ్యం వదిలిస్తామని మనుషుల్ని హింసించడాన్ని కూడా కర్ణాటక 2017లో చేసిన చట్టం నేరం చేసింది. అది 2020 నుంచి అమలులో ఉంది.

ఇప్పటి పిల్లలు సస్పెన్స్ కథలు ఫోనులో చదువుతారు, వింటారు. వద్దనకండి. నేనూ చదువుతాను. మంచి సస్పెన్స్ కథ మనకు నేర్పేది ఒక్కటే, అందరూ చూపించిన మనిషినే అనుమానించవద్దు అని. ఆ పాఠం పుస్తకంతోపాటు మూసేస్తే ఏం లాభం? మన బంధువుల్లో ఏ ఒంటరి ఆడమనిషి మీదనైనా మాట లేచినప్పుడు, కోడలు కానీ, విధవ కానీ, పెళ్ళికాని మేనత్త కానీ, రెండు విషయాలు కనుక్కోండి. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చింది? ఆమె ఉండే ఇంటి ఖాతా ఎవరి పేరున ఉంది?