భాగస్వామ్యంలో డి-ఫారం పట్టా వాటా ఎంత?

ప్రైవేటు కంపెనీ డబ్బు తెస్తుంది, సర్కారు అండగా ఉంటుంది, ప్రాంతం బాగుపడుతుంది. సర్కారు-ప్రైవేటు భాగస్వామ్యం గురించి మనకు చెప్పే మాట ఇదే. గుంటూరు, ప్రకాశం జిల్లాల అనుభవం చూస్తే ఈ లెక్కలో ఒక పద్దు కనపడదు. అది భూమి. ముఖ్యంగా మాల, మాదిగ, ఇతర పేద కుటుంబాల చేతిలోని డి-ఫారం పట్టా భూమి.

ఈ భూమికి ఒక చరిత్ర ఉంది. పేదల చేతిలోంచి జారిపోకూడదని 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం తెచ్చారు. అమ్మకూడదు, కొనకూడదన్నారు. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధననే తర్వాత తిరగేసి వాడారు: అమ్ముకునే హక్కు లేని భూమికి ధర ఎక్కడిదన్నారు. 2004లో చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ వాదన చెల్లదంది. అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలంది.

తీర్పు వచ్చిందిగదా, ఇక సరిపోతుందనుకున్నాం. 2008లో రస్ అల్ ఖైమాతో వాన్‌పిక్ ఒప్పందం కుదిరింది. వాడరేవు, నిజాంపట్నం ఓడరేవుల పేరుతో సముద్రపు ఒడ్డున వేల ఎకరాలు సేకరించారు. అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. ఆ ఒప్పందం కింద ఒక్క ఓడరేవూ రాలేదు.

2015లో అమరావతికి వచ్చేసరికి దారి మారింది. 29 గ్రామాల్లో భూసేకరణ బదులు భూసమీకరణ అన్నారు. రైతు ఇష్టపడి ఇస్తున్నాడు కాబట్టి ఇది పరిహారం కాదు, వాటా అన్నారు. దాంతో 2004 తీర్పులోని సమానత్వం పక్కకు పోయింది. ఎకరం మెట్టకు పట్టా రైతుకు 1,000 గజాల ఇళ్ల స్థలం. అసైన్డ్ రైతుకు 800. పక్కపక్కనే ఉన్న చేలు, అదే పత్తి, అదే మిరప. ఇళ్ల స్థలంలోనే తేడా 200 గజాలు. ఆ చేలల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి బతికిన భూమిలేని కుటుంబానికి గజం కూడా లేదు. నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు.

ఇలా వచ్చిన భూమిలోంచే 1,691 ఎకరాలు స్టార్టప్ ఏరియాగా భాగస్వామ్యంలోకి వెళ్లాయి. ఉమ్మడి కంపెనీలో సింగపూర్ సంస్థలకు 58 శాతం, సర్కారు సంస్థకు 42 శాతం. 2019 నవంబరులో ఇరుపక్షాలూ ఒప్పుకొని ఆ ప్రాజెక్టును మూసేశాయి. కంపెనీలు వెళ్లిపోగలిగాయి. గట్లు చెరిగిపోయిన చేను మాత్రం తిరిగి చేను కాలేదు.

పట్టా రైతు నష్టపోలేదని మేము అనడం లేదు. నష్టంలోనూ కులం మెట్లు కట్టిందంటున్నాం. 1,000కీ 800కీ మధ్య ఉన్నది నేల సారం కాదు, కాగితం. ఆ కాగితం ఎవరి చేతికి ఏది వచ్చిందో నిర్ణయించింది కులమే.

2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇదే రాజధానికి చెరో 80 కోట్ల డాలర్ల దాకా అప్పు మంజూరు చేశాయి. అప్పు ఇచ్చినవాడి లెక్క పైసాతో సహా రాసి ఉంటుంది. భూమి ఇచ్చినవాడి లెక్క, కూలి పోయినదాని లెక్క ఎవరు రాస్తారు? ఊరూరా మాలపల్లెలో, మాదిగగూడెంలో కూర్చుని ఆ పద్దు మనమే రాయాలి. అది చేతిలో ఉంటేనే రేపు వాటా అడగగలం.