గుర్రపు పందెం: ముహల్లిల్ నుండి తనాలా దాకా

అజ్ఞాన కాలపు అరబ్బుల ‘మైసిర్’ అనగానే చాలామంది ఏదో పాచికలాటను ఊహించుకుంటారు. నిజానికది ఎన్నో లెక్కలున్న ఆట. చలికాలపు కరువు రోజుల్లో, ఖరీదు తర్వాత చెల్లించే షరతుపై ఒక ఒంటెను తెచ్చి కోసేవారు. పది బాణపు పుల్లలను సంచిలో వేసి ఒక్కొక్కటిగా తీసేవారు. ఏడు పుల్లలకు వాటాలుండేవి: ‘ఫజ్’ అనే పుల్లకు ఒకటి, అక్కడి నుంచి పెరుగుతూ ‘ముఅల్లా’ అనే పుల్లకు ఏడు. మిగిలిన మూడూ వట్టివి. వట్టి పుల్ల వచ్చినవారే ఒంటె ఖరీదు భరించాలి. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచి గొప్పలు చెప్పుకునేవారు. ఆటకు రానివాణ్ణి ‘బరమ్’ అని, పిసినారి అని ఈసడించేవారు.

సూరె బఖరా 219వ ఆయతులో మైసిర్ వల్ల ప్రజలకు కొంత ప్రయోజనం ఉన్నమాట చెబుతూనే, దాని పాపం అంతకంటే పెద్దదని దివ్య ఖురాన్ తేల్చింది. ఆ ప్రయోజనం పేదలకు అందిన ఈ మాంసమేనని వ్యాఖ్యాతలలో పలువురు వివరించారు. తర్వాత సూరె మాయిదా 90వ ఆయతుతో పూర్తి నిషేధం వచ్చింది. పందెపు సొమ్ములో కొంత ధర్మకార్యాలకు పోతోంది కదా అని ఈనాడు వినిపించే వాదన ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే గుర్రాలను పరుగెత్తించడం నిషిద్ధం కాలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా మదీనాలో పందేలు పెట్టించారు. మేపి, ఆ తర్వాత మేత తగ్గించి, చెమట పట్టించి సన్నబరచిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు పరుగు. ఇది ఐదారు మైళ్ళని బుఖారీ గ్రంథంలోని ఉల్లేఖనం. అలా సిద్ధం చేయని గుర్రాలకు అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిదు దాకా ఒక మైలు మాత్రమే. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఆ పందెంలో పాల్గొన్నారు. బలహీనమైన గుర్రాన్ని బలమైనదానితో పోటీకి దింపకపోవడం ఇక్కడ గమనించదగ్గ విషయం.

బహుమానం సంగతికొస్తే, ఒంటె, గుర్రం, బాణం అనే మూడింటికి తప్ప పందెపు సొమ్ము లేదన్న భావం గల హదీసును అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ ఉల్లేఖించారు. ఈ మూడూ ఆనాటి రక్షణకు పనికొచ్చే విద్యలు. పాలకుడో, మూడో వ్యక్తో బహుమతి ఇస్తే ఇబ్బంది లేదు. ఇద్దరు రౌతులలో ఒక్కడే సొమ్ము పెట్టినా అధిక సంఖ్యాక ఫుఖహా ఒప్పుకున్నారు. చిక్కంతా ఇద్దరూ పెట్టినప్పుడే. అప్పుడు ‘ముహల్లిల్’ కావాలన్నారు. ఇతను పైసా పెట్టకుండా పోటీలో దిగే మూడో రౌతు. గెలిస్తే ఇద్దరి సొమ్మూ అతనిదే, ఓడితే ఇచ్చుకునేదేమీ లేదు. అతని గుర్రం మిగతా రెంటికీ నిజంగా సాటిరావాలి, పేరుకు నిలబెట్టిన ముసలి గుర్రమైతే చెల్లదు. ఈ పద్ధతికి హజ్రత్ సయీద్ బిన్ ముసయ్యిబ్ అనుమతి చెప్పగా, మాలికీ పండితులలో ఎక్కువమంది సమ్మతించలేదు. ఇమామ్ ఇబ్నె తైమియ్యా, ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిం మరో కొసకు వెళ్ళి, ముహల్లిల్ షరతే అక్కర్లేదన్నారు. ఇబ్నుల్ ఖయ్యిం ‘అల్ ఫురూసియ్యా’లో ఈ చర్చకు చాలా చోటిచ్చాడు.

గమ్యం చేరిన గుర్రాల వరుసను అరబ్బులు మహా శ్రద్ధగా లెక్కించారు. మొదటిది ‘ముజల్లీ’, రెండవది ‘ముసల్లీ’, అన్నిటికన్నా చివరిది ‘సుకైత్’. అది గుర్రాలకు పెట్టిన పేరే గాని, ఒడ్డున నిలబడినవాడి బేరం కాదు.

వరుసను బేరంగా మార్చింది ఆధునిక ఐరోపా. పారిస్‌లో 1860ల దశకంలో జోసెఫ్ ఒల్లేర్ కొత్త పద్ధతి తెచ్చాడు. పందెగాళ్ళ సొమ్మంతా ఒకచోట పోగుచేసి, నిర్వాహకుల భాగం ముందే తీసి, మిగిలినది గెలిచినవారికి పంచడం దాని సారాంశం. 1891 నాటి ఫ్రెంచి చట్టం దానికి ఆమోదముద్ర వేసింది. ఓట్ల లెక్కింపు కోసం జార్జ్ జూలియస్ తయారుచేయబోయిన యంత్రం చివరకు 1913లో న్యూజిలాండు ఎల్లర్‌స్లీ రేసుకోర్సులో ఈ కూడికలకు పనికొచ్చింది! 1954లో ఫ్రాన్సులో మొదటి మూడు గుర్రాలను చెప్పే ‘తియెర్సే’ వచ్చింది.

హైదరాబాదులో రేసులను మౌలాలీ నుండి మలక్‌పేటకు 1886లో మార్పించినవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మన దేశపు రేసుకోర్సులలో ఇవి రకరకాల పేర్లతో నడుస్తాయి. మొదటి రెండు గుర్రాలను ఏ వరుసలోనైనా చెబితే ‘క్వినెలా’, మొదటి మూడింటిని సరైన వరుసలో చెబితే ‘తనాలా’, వరుసగా ఐదు పందేల విజేతలను చెబితే ‘జాక్‌పాట్’. పన్నెండు గుర్రాలుంటే విజేతను ఎంచడానికి 12 దారులు. క్వినెలాకు 66, తనాలాకు 1,320. పన్నెండేసి గుర్రాలున్న ఐదు పందేల జాక్‌పాట్‌కు 2,48,832. గుర్రపు వంశమూ రౌతు చేతివాటమూ తెలిసినవాడికి విజేత విషయంలో ఆ తెలివి కొంత అక్కరకొస్తుందేమో. మూడో స్థానంలో ఏది వస్తుందన్న దగ్గర ఆ తెలివి చాలావరకు నీరుగారిపోతుంది. చీటీ అమ్ముడయ్యేది మాత్రం అక్కడే, ఎందుకంటే కొద్ది రూపాయలకు పెద్ద మొత్తం కనిపిస్తుంది.

తమిళనాడు ప్రభుత్వ చట్టాలపై వచ్చిన కె.ఆర్. లక్ష్మణన్ కేసులో 1996లో సుప్రీంకోర్టు గుర్రపు పందేలు నైపుణ్య క్రీడ అని తీర్పు చెప్పింది. రేసు అభిమానులు దీన్నే తరచు ముందుకు తెస్తారు. రాజ్యం చట్టం దృష్టిలో అది నిర్ణయాత్మకమే. ఫుఖహా అడిగిన ప్రశ్న మాత్రం వేరు. విలువిద్యలో నైపుణ్యానికి ఏం కొదవ? అయినా విలుకాండ్రిద్దరూ సొమ్ము ఒడ్డితే, వారిలో అధిక సంఖ్యాకులు ముహల్లిల్ కావాలనే పట్టుబట్టారు. సొమ్ము ఎవరిది, నష్టపోయేది ఎవరు, పోటీలో ఉన్నది ఎవరు అన్నవి వారి ప్రశ్నలు. ఆ షరతునే తోసిపుచ్చిన ఇబ్నుల్ ఖయ్యిం కూడా మాట్లాడింది గుర్రమెక్కిన పోటీదారుల సొమ్ము గురించే, గట్టున నిలబడి చీటీ కొన్నవాడి సొమ్ము గురించి కాదు.