దండు బాటలో ఇరానీ హోటలు

1798లో రెండవ నిజాము ఆంగ్లేయ కంపెనీతో సైన్యసహకార సంధి కుదుర్చుకొనగా హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున దిగిన దండు, 1806లో మూడవ నిజామగు సికందర్ జా పేర సికిందరాబాదై, క్రమముగా బొల్లారము వఱకు ప్రాకిపోయినది. ఆ దండు అవసరములకై వెలసిన కర్మశాలల పేరు నేటికిని మోయుచున్న కార్ఖానాలో బన్ను, బిస్కట్టు, చాయ నిత్యాహారములగుట వింత గాదు. వింత యెల్ల, వానిని వాడవాడలకు అలవాటు చేసినవాడు తెల్లదొర గాక, యజ్ద్ మున్నగు ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన ఇరానీ యగుటయే.

ఈ వలసజనులు వీథులు కలియు మూలస్థలములనే ఏరి కొనిరందురు. వాస్తుదోషమని స్థానిక వర్తకులు విడిచిన మూలలు వారికి చౌకగా దొరకెననియు, రెండు వైపుల వాకిళ్లున్న అంగడికి గిరాకి రెట్టింపగునని వారెఱిగిరనియు పెద్దలు చెప్పుదురు. కథలో అతిశయమెంతయున్నను, పాత ఇరానీ హోటళ్లు పెక్కు మూలమలుపులలో నుండుట చూచినవారికెల్ల తెలిసినదే.

ఇరాను దేశీయులు చాయలో పాలు పోయరు. చక్కెరబిళ్ల పంట నుంచుకొని నల్లని తేనీటిని చప్పరింతురు. కావున మనము ఇరానీ చాయ్ అని మురియునది ఇరానులో వెదకినను దొరకదు. అది ఇచటి పాలతో, ఇచటి నాలుకకై పుట్టినది. ఒక పాత్రలో తేయాకు పొడి, మూత బిగిసి, సన్నని సెగపై దమ్ములో మగ్గుచుండును; వేఱొకదానిలో పాలు మరగి మరగి చిక్కబడును; గిరాకి కేకవేయగానే ఈ రెండును పింగాణీ కప్పులో కలియును. జేబు పలుచనైన మిత్రులిద్దఱు ‘వన్ బై టూ’ యని ఒక చాయను పంచుకొందురు. తోడుగా ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు గల ఉస్మానియా బిస్కట్టు వచ్చును. అది మొదట ఆసుపత్రి రోగులకై తయారైనదను కథ యొకటి కలదు గాని, నోట కరగునప్పుడు తీపి వెనుక సన్నగా తగులు ఆ ఉప్పును రుచి చూచినవాడు రోగుల భాగ్యమునకు అసూయపడకపోడు. మైదా పొరలో కైమా కూరిన చదరపు లుఖ్మీ, కొబ్బరి నిండిన దిల్‌పసంద్ అద్దాల పెట్టెలో వేచియుండును.

అయినను ఆ హోటలు గొప్ప పిండివంటలలో లేదు, చలువరాతి బల్లలో నున్నది. దక్షిణదేశపు భోజనశాలలు పెక్కింట బ్రాహ్మణులకు ప్రత్యేక స్థలమని పలకలు వ్రేలాడిన కాలమున, ఇరానీ బల్లముందు పేరడిగినవాడు లేడు, కులమడిగినవాడు లేడు. సెలవుపై వచ్చిన సిపాయి, కచేరీ గుమాస్తా, రిక్షా దిగిన బడుగుమనిషి మోచేతులు తగులునట్లు కూర్చుండిరి. సంస్కర్తల ఉపన్యాసములు వినక పోయినను, ఒక్క చాయ ధర చెల్లించి వారీ పాఠము నేర్చిరి.

కార్ఖానాకు దక్షిణమున, ప్యారడైజ్ సినిమాహాలు చెంత 1953లో చిన్నదిగా మొదలైన హోటలు బిర్యానీ కీర్తితో బహుశాఖలై విస్తరించినది. హాలు పోయినను కూడలికి పేరు మిగిలినది. చిన్న హోటళ్లకంతటి యోగము లేదు. అద్దెలు పెరిగినవి, రోడ్లు వెడల్పయినవి, మనుమలు వేఱు వృత్తులు చేపట్టినారు. ఇరానీ చాయ్ బోర్డు మాత్రము నేడు ప్రతి రహదారిపైనను కనబడుచున్నది. అచట కాగితపు కప్పు చేతికిత్తురు. నిలబడి త్రాగి పోవలెను. బల్ల యుండదు.