మోటార్‌సైకిల్ ఇంజిన్ అతిగా వేడెక్కుతోందా? కారణాన్ని గుర్తించే విధానం

వేసవిలో సిగ్నల్ వద్ద ఆగిన మోటార్‌సైకిల్ నుంచి కాళ్లకు సెగ తగిలినంత మాత్రాన ఇంజిన్ చెడిపోయినట్లు కాదు. పెట్రోలు మండగా వెలువడే శక్తిలో సుమారు మూడో వంతుకు మించి చక్రానికి చేరదు. మిగిలినదంతా వేడి రూపంలో బయటకు పోవలసిందే. గాలితో చల్లబడే ఇంజిన్‌లో సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత 150 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం సాధారణం. దానిపై పడిన నీటి చుక్క చిటపటలాడటం లోపానికి గుర్తు కాదు.

నడుస్తుండగా బలం తగ్గడం, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమనే శబ్దం, మాడిన నూనె వాసన, ఆపిన ఇంజిన్ చల్లారేవరకు తిరిగి స్టార్ట్ కాకపోవడం అసలైన హెచ్చరికలు. వీటిలో రెండు కలిసి కనిపిస్తే ప్రయాణం ఆపాలి. వ్యాకోచించిన పిస్టన్ సిలిండర్ గోడను పట్టేస్తే (మెకానిక్‌లు దీనినే ‘సీజ్’ అంటారు) వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఆ క్షణంలో క్లచ్ నొక్కి బండిని పక్కకు తీయడమే ప్రాణరక్షణ.

పరీక్షను ఇంజిన్ ఆయిల్‌తోనే మొదలుపెట్టాలి. సాధారణంగా 100 సీసీ ఇంజిన్‌లో పట్టే నూనె సుమారు ఒక లీటరు. అందులో 300 మిల్లీలీటర్లు తగ్గినా దాదాపు మూడో వంతు పోయినట్లే. నూనె రాపిడిని తగ్గించడంతో పాటు పిస్టన్ వేడిని కూడా మోసుకుపోతుంది. ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాక, బండిని సమతలంపై సెంటర్ స్టాండ్ వేసి కొలపుల్లతో మట్టం చూడాలి. సైడ్ స్టాండ్‌పై చూసిన కొలత నమ్మదగినది కాదు. నూనె తగ్గుతూ సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంటే పిస్టన్ రింగులు లేదా వాల్వ్ సీళ్లు అరిగినట్లు అనుమానించాలి. సిలిండర్ రెక్కల మధ్య పేరుకున్న బురదను కూడా ఈ దశలోనే తొలగించాలి.

ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోయినా వేడి పెరగవచ్చు. సెంటర్ స్టాండ్‌పై న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పితే అది తేలికగా తిరగాలి. వెంటనే ఆగితే బ్రేక్ పట్టి ఉన్నట్లే. బిగుతైన చైన్, జారే క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్‌పై భారం మోపుతాయి. ఆక్సిలరేటర్ తిప్పితే శబ్దం పెరిగి వేగం పెరగకపోవడం క్లచ్ జారుతున్నదనడానికి గుర్తు. ఖరీదైన బోరు పనికి ఒప్పుకొనే ముందు ఈ పది నిమిషాల పరిశీలన తప్పక చేయించుకోవాలి.

తర్వాత స్పార్క్ ప్లగ్. దాని కొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం సవ్యంగా ఉన్నట్లు. సున్నం పూసినట్లు తెల్లబడితే గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిందని అర్థం. కార్బ్యురేటర్ జెట్‌లో నలక, ఇంజిన్‌కు దానిని కలిపే రబ్బరు గొట్టంలో పగులు ఇందుకు తరచూ కనిపించే కారణాలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో పాత కార్బ్యురేటర్ వాహనాల్లో మిశ్రమం మరికొంత పలచబడుతుంది. అయితే ప్రతి వేడికీ ఇథనాల్‌నే నిందించడం తొందరపాటు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ వాహనాలు ఈ తేడాను చాలావరకు తామే సరిదిద్దుకుంటాయి.

రేడియేటర్ ఉన్న వాహనాల్లో వేడి ఎప్పుడు పెరుగుతుందో గమనిస్తే సగం సమస్య తేలిపోతుంది. రద్దీలోనే పెరిగి రహదారిపై తగ్గితే ఫ్యాన్, దాని ఫ్యూజు, ఉష్ణోగ్రత సెన్సర్‌లను చూడాలి. వేగంగా వెళ్తున్నా తగ్గకపోతే కూలెంట్ మట్టం, థర్మోస్టాట్, నీటి పంపులను పరీక్షించాలి. నూనె పాల రంగుకు మారితే కూలెంట్ అందులో కలిసినట్లే. ఇక బండి నడపరాదు.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరిస్తే ఒత్తిడిలో ఉన్న ద్రవం ఎగసి ముఖం, చేతులు కాలుతాయి. కాగిన ఇంజిన్‌పై చన్నీళ్లు పోస్తే లోహం అసమానంగా కుదించుకుపోయి సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంది. నీడలో నిలిపి, అరగంట పాటు దానంతట అది చల్లారనివ్వాలి.