సర్కారు కర్రు

చైనాలో హెనాన్ రాష్ట్రం, జెంగ్జౌ నగరం దగ్గర గూషింగ్ అనే చోట తవ్వితే హాన్ వంశం నాటి రెండు భారీ కొలుముల పునాదులు బయటపడ్డాయి. పక్కనే పెద్ద పెద్ద ఇనుప గడ్డలు. అన్నిటికన్నా పెద్దది 20 టన్నుల పైమాటే. కరిగిన ఇనుము కొలిమిలోనే గడ్డకట్టుకుపోతే ఏం చేయగలరు? గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. చెడిపోయిన సరుకే అంత ఉంటే, సవ్యంగా దిగింది ఎంతో!

ఆ కాలంలో చాలా దేశాల్లో ఇనుమును పూర్తిగా కరిగించేవారు కాదు. 1,538 డిగ్రీల వేడి ఎక్కణ్నుంచి తెస్తారు? కొలిమిలో దిగిన ముద్దను సమ్మెటతో బాది, చిట్టెం వదిలించేవారు. చైనా వాళ్లు మాత్రం కంచు పోతలో ఆరితేరినవాళ్లు. ఎత్తయిన కొలిమిలో బొగ్గు దట్టించి, తిత్తులతో గాలి ఎక్కించారు. బొగ్గులోని కార్బన్ నాలుగు శాతం దాకా కలిస్తే ఇనుము 1,150 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. క్రీ.పూ. 5వ శతాబ్దానికే వాళ్లకిది చేతనయింది. యూరప్‌కు మధ్యయుగాల దాకా పట్టుబడలేదు.

అయితే పోత ఇనుము పెళుసు. పొలంలో రాయి తగిలితే కర్రు పింగాణీలా పగులుతుంది. దానికీ మందు కనిపెట్టారు. పోతపోసిన పనిముట్లను మళ్లీ బట్టీలో పెట్టి, కరగనంత వేడిలో రోజుల తరబడి మగ్గబెట్టేవారు. అప్పుడు పారకూ గొడ్డలికీ దెబ్బ ఓర్చుకునే గుణం వచ్చేది.

ఇంత విద్య ఉన్నాక ఖజానా కన్ను పడకుండా ఉంటుందా? ఉత్తరాది సంచార జాతి షియోంగ్నూలతో యుద్ధాలు చేసి చేసి బొక్కసం ఖాళీ చేసుకున్న హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 117లో ఉప్పునూ ఇనుమునూ సర్కారు గుత్తకు తెచ్చాడు. 49 ఇనుప కార్యాలయాలు వెలిశాయి. చాకిరీకి ఖైదీలు, వెట్టివాళ్లు.

క్రీ.పూ. 81లో రాజధానిలో ఈ గుత్త మీద పెద్ద చర్చే జరిగింది. పండితుల ఫిర్యాదులు వింటుంటే మన ఆఫీసులే గుర్తొస్తాయి. లెక్క చూపించుకోవడానికి పెద్ద పెద్ద పనిముట్లే పోస్తున్నారు, రైతుకు అక్కరకొచ్చేవి లేవు. ధర ఎక్కువ, పదును తక్కువ. అంత దూరం నడిచి వెళ్తే అధికారి సీట్లో ఉండడు. అమ్ముడుపోని సరుకు జనానికే అంటగడుతున్నారు. పేదలు కొందరు కర్ర నాగలికి తిరిగెళ్లి, చేత్తో కలుపు పీకుతున్నారు. గుత్తను వెనకేసుకొచ్చిన మంత్రి సాంగ్ హోంగ్యాంగ్ సరిహద్దు సైన్యాలకు డబ్బెక్కడిదని ఎదురడిగాడు. అదీ నిజమే. చివరికి సర్కారు చేతిలోనే ఉన్న మద్యం గుత్త మాత్రం పోయింది. ఇనుముది రాజధాని ప్రాంతంలో తప్ప కదల్లేదు. మరుసటి ఏడాదే కుట్ర కేసులో సాంగ్ తల పోయింది.

నూరేళ్లు దాటాక, క్రీ.శ. 31లో, నాన్యాంగ్ పాలకుడిగా వచ్చిన దు షి కొలిమి తిత్తులను నీటి చక్రానికి తగిలించాడు. ఆ కొలిమిలో పోసింది పొలం పనిముట్లనే. తక్కువ చాకిరీతో ఎక్కువ పని జరిగిందనీ, జనానికి సుఖమైందనీ హాన్ వంశ చరిత్రలో రాసి ఉంది.