దుబాయి వీసా వెనుక చరిత్ర



బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వలస కథంతా ఈ మూడు మాటల్లో ఉన్నది. కువైట్‌కు పోయినా, సౌదీకి పోయినా మన ఊళ్ళలో "దుబాయికి పోయిండు" అనే అంటారు. గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో, గల్ఫ్ ప్రయాణం కోసం కాగితాలు పట్టుకుని వచ్చే యువకులను చూసి నాకొక సందేహం కలిగేది. పక్కనే పనికోసం చూసే అరబ్బులు ఎందరో ఉండగా, భాష కూడా రాని మనవారికి వీసా ఎందుకిచ్చారు? తక్కువ జీతానికి వస్తారన్నది ఒక కారణం. రెండవ కారణం రాజకీయం.

1952లో ఈజిప్టు సైనికాధికారులు రాజును గద్దె దించారు. వారి నాయకుడు నాసర్ 1956లో సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అరబ్బీ మాట్లాడేవారంతా ఒకే జాతి అన్న ఆయన మాట రేడియో ద్వారా ఎల్లలు దాటింది. 1958లో ఈజిప్టు, సిరియా ఒకే రాజ్యమై, 1961లో విడిపోయాయి. చమురు రాజులకు గుండెల్లో రాయి పడింది. సౌదీలో చమురు కార్మికులు 1953లో, 1956లో సమ్మె చేయగా ప్రభుత్వం సమ్మెలనే నిషేధించింది.

నాసర్‌కు పోటీగా సౌదీ రాజులు మతాన్ని ముందుకు తెచ్చారు. ఈజిప్టులో 1928లో పుట్టి, నాసర్ అణచివేసిన ముస్లిం బ్రదర్‌హుడ్ వారికి ఆశ్రయమిచ్చారు. 1967లో ఇజ్రాయెల్ చేతిలో ఓటమితో నాసర్ ప్రభ తగ్గింది, మత రాజకీయం బలపడింది. కానీ అదీ గద్దెకు ముప్పేనని 1979లో తెలిసింది. ఆ ఏడు ఇరాన్ షా పదవి పోయింది. నవంబరులో సాయుధులు మక్కాలోని పవిత్ర మసీదునే ఆక్రమించారు. ఐదు పూటలా నమాజు చేసుకునే సామాన్యునికి ఈ ఎత్తుగడలతో ఏ సంబంధమూ లేదు.

ఈ మధ్యలోనే, 1973 యుద్ధం తరువాత, చమురు ధర కొద్ది నెలల్లో సుమారు నాలుగు రెట్లయింది. రోడ్లు, భవనాలు కట్టడానికి లక్షల చేతులు కావలసి వచ్చాయి. తోటి అరబ్బు వస్తే తన రాజకీయం వెంట తెస్తాడు, సంపదలో వాటా అడుగుతాడు. మనవాడైతే పని చేసి, ఇంటికి డబ్బు పంపి, గడువు తీరగానే వెళ్ళిపోతాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో అరబ్బుల ఐక్యత మాట అబద్ధమైంది. లౌకిక జాతీయవాదినని చెప్పుకున్న సద్దాం 1991లో జెండాపై "అల్లాహు అక్బర్" చేర్చాడు. లక్షన్నరకు పైగా భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ మీదుగా స్వదేశం చేర్చాయి. తమ నాయకులు సద్దాం వైపు మొగ్గినందుకు సౌదీ నుండి యెమనీలు, కువైట్ నుండి పాలస్తీనీయులు లక్షల సంఖ్యలో వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ తరువాత ఆసియా పనివారి అవసరం ఇంకా పెరిగింది.

కనుక మనవారికి వీసా తెచ్చిన కారణమే వారి నోరు కూడా కట్టేసింది. ఏళ్ళ తరబడి పనిచేసినా పౌరసత్వం లేదు, చాలాచోట్ల సంఘం పెట్టుకునే హక్కు లేదు. ఇటీవల కొన్ని దేశాలు కఫీలు నిబంధనలు కొంత సడలించాయి, అంతే.

మనం సంఘం పెట్టుకుని డి.ఎ., పెన్షన్ అడిగి సాధించుకున్నవాళ్ళం. అడిగే దిక్కు లేని ఉద్యోగం ఎట్లుంటుందో మనకు చెప్పనక్కరలేదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకో, మనుమడో ఫోను చేసినప్పుడు డబ్బు పంపావా అని అడిగే ముందు, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉన్నదా, జీతం కాగితంలో రాసినంత ఇస్తున్నారా అని అడుగుదాం.