అది సరే, అసలు మీదే ఊరు?

మొన్నామధ్య క్యాంటీన్లో, కొత్తగా మా టీములో చేరినాయన అడిగాడు, "మీదే ఊరండీ?" అని. "కూకట్‌పల్లి" అన్నాను. "అది సరేనండీ, అసలు ఊరు?"

హౌసింగ్ బోర్డు కాలనీలో పెరిగినవాళ్ళకి ఈ "అసలు" బాగా అలవాటే. నాన్న ఎనభైల్లో బాలానగర్ వైపు ఫ్యాక్టరీ ఉద్యోగానికని గుంటూరు జిల్లా నుంచి వచ్చారు. నా బడి, క్రికెట్టు, సైకిలు నేర్చుకుంటూ తగిలిన దెబ్బలు అన్నీ ఇక్కడే. నాన్న ఊరికి వేసవి సెలవుల్లో వెళ్ళేవాణ్ణి, అంతే. గల్లీలో "లొల్లి", ఇంట్లోకొస్తే "గొడవ". అక్కడి పిల్లలకి నేను హైదరాబాదోణ్ణి, ఇక్కడ బళ్ళో ఆంధ్రోణ్ణి.

మా కాలనీలో ఇంటి నెంబరే జీతం చెప్పేసేది. ఎల్.ఐ.జి. అంటే తక్కువ ఆదాయం, ఎం.ఐ.జి. అంటే మధ్యరకం, హెచ్.ఐ.జి. అంటే కాస్త ఉన్నవాళ్ళు. మాది ఎల్.ఐ.జి. పెళ్ళి శుభలేఖ మీద కూడా ఆ మూడక్షరాలు వేసుకోవాల్సిందే!

తమాషా ఏమిటంటే, మేం కదలకపోయినా మా చిరునామా కదులుతూనే ఉంది. 1978లో ఏర్పడ్డ రంగారెడ్డి జిల్లా మాది. 2007లో మా మునిసిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. 2014లో రాష్ట్రం మారింది. 2016లో జిల్లా కూడా మారి మేడ్చల్-మల్కాజిగిరి అయింది. ఆఖరికి కాలనీ ముందున్న బొంబాయి రోడ్డు సైతం జాతీయ రహదారి 9 కాస్తా 65 అయి కూర్చుంది. 1998లో మాదాపూర్లో సైబర్ టవర్స్ తెరిచాక ఎల్.ఐ.జి. ఇళ్ళు ఒక్కోటీ హాస్టళ్ళూ, అపార్ట్‌మెంట్లూ అయ్యాయి. 2017లో మెట్రో వచ్చింది. మా ఇల్లూ పడగొట్టేశాం.

మరి నేనెక్కడివాణ్ణి? దీనికి చట్టంలో ఓ జవాబుంది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర, 1973 ఆరు సూత్రాల పథకం, ఆపైన 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. స్థానికుడెవరో తేల్చడానికి ఆ ఉత్తర్వులు పుట్టిన ఊరూ, తాతల ఊరూ అడగలేదు. ముఖ్యంగా చూసింది చదువు: పదో తరగతితో కలిపి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావు అని. అందుకే ఆ స్టడీ సర్టిఫికెట్ల హడావిడి. నేను మాత్రం దాన్ని మార్కుల లిస్టు కన్నా భద్రంగా దాచుకున్నాను. నేను లోకలని రాసున్న కాగితం నా దగ్గర అదొక్కటే.

2014లో చుట్టాలు ఫోన్ చేసి "వెనక్కొచ్చేస్తారా?" అని అడిగారు. నాన్నకది మామూలు ప్రశ్నే. నాకు మాత్రం ఆ "వెనక్కి" దగ్గర గొంతు పట్టేసింది. నేను బయల్దేరని చోటికి వెనక్కెలా వెళ్తాను?

ఈ బాధ మాదొక్కళ్ళదే అనుకునేవాణ్ణి. ఓసారి నా చిన్నప్పటి దోస్తు, కూకట్‌పల్లి పాతూరివాడు, మా గేటు దగ్గర నిలబడి "ఈడ మా తాత జొన్న ఏస్తుండె రా" అన్నాడు. మాటలో నిష్ఠూరమేమీ లేదు. నాకే సర్టిఫికెట్ గుర్తొచ్చి సిగ్గేసింది. నాలుగేళ్ళ చదువుతో నాకో ఊరొచ్చింది. తరాల నుంచీ ఉన్న వాళ్ళ ఊరు మా కాలనీ కిందకి పోయింది. చట్టం ఇద్దర్నీ ఒకే మాటతో స్థానికులంది.

వాడూ ఇప్పుడు సాఫ్ట్‌వేరే. వాణ్ణీ ఆఫీసులో అడుగుతారట, అసలు ఊరేదని. "ఇదే అసలు" అంటే ఒక్కరూ నమ్మరట!